వెర్లిన్ ట్రాక్టరుకు మూడో బ్యాటరీ

తాళం తిప్పితే ట్రాక్టరు టిక్కుమంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టిక్కుమంది, అంతే. వెర్లిన్ ట్వేట్ సీటు మీద అలాగే కూర్చుండిపోయాడు.

గడ్డి కోసే ట్రాక్టరు మొరాయించడం లోకంలో వింతేమీ కాదు. విస్కాన్సిన్ పడమటి కొండల్లో మే నెల వచ్చిందంటే సగం షెడ్లలోంచి ఈ టిక్కులూ, వాటి వెనకే మగవాళ్ళ తిట్లూ వినిపిస్తూనే ఉంటాయి. వెర్లిన్ మాత్రం తిట్టలేదు. భయపడ్డాడు.

ఇది వరసగా మూడో వసంతం. పోయిన రెండుసార్లూ బ్యాటరీ ఇలాగే చచ్చింది. రెండుసార్లూ ఎవరికీ చెప్పకుండా ఊళ్ళోకి వెళ్ళి కొత్తది తెచ్చి బిగించాడు. నాలుగైదేళ్ళు రావలసిన సరుకు ఒక్క చలికాలం దాటడం లేదు. మొదటిసారి "నాసిరకం" అని సరిపెట్టుకున్నాడు. రెండోసారి ఆ మాట అనుకోవడానికి కాస్త కష్టపడ్డాడు. ఈసారి ఆ మాట నోటిదాకా కూడా రాలేదు.

ట్రాక్టరు అతనిది కాదు, చర్చిది. రోడ్డుకు ఇటు వెర్లిన్ ఇల్లు, అటు చర్చి, చర్చి పక్కనే సమాధుల తోట. తోటలో గడ్డి కోసే పని, ఇంటింటా పాలు పోయించుకునే వాను నడిపే ఉద్యోగం మానేసిన ఏడాది నుంచీ వెర్లిన్‌దే. ఏడాది పొడుగునా ఎలా కోసినా ఎవరూ పట్టించుకోరు గానీ, పోయినవాళ్ళను తలుచుకునే మే చివరి సోమవారానికి మాత్రం అది తల దువ్వినట్టు ఉండాలి. ఆ రోజు మిన్నియాపొలిస్ నుంచీ మిల్వాకీ నుంచీ కూడా జనం పూలకుండీలు పట్టుకుని దిగుతారు. తాత సమాధి మీద గడ్డి మోకాలెత్తు ఉంటే ఎవరూ పైకి ఒక్క మాట అనరు. మావాళ్ళు అనరు. ఏళ్ళ తరబడి గుర్తు మాత్రం పెట్టుకుంటారు.

వెర్లిన్ కోసే పద్ధతి కూడా వేరు. వరసల ప్రకారం కొయ్యడు. పాలవాన్ నడిపిన రోజుల్లో ఏ ఇంటి ముందు మొదట ఆగేవాడో ఆ ఇంటివాళ్ళ సమాధి దగ్గర మొదలుపెడతాడు. మొదట నూట్సన్‌లు, తరవాత మలుపు తిరిగి సోల్‌బర్గ్‌లు, ఆ తరవాత కరిచే కుక్క ఉన్న ఎంగెన్ వాళ్ళు. తోటంతా అడ్డదిడ్డంగా తిరిగినట్టు కనిపిస్తుంది గానీ, అతని లెక్కలో అది తిన్నని దారి. పొద్దున్నే పాలడబ్బాలతో ఎదురొచ్చినవాళ్ళందరూ ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, అందరినీ పలకరించి వస్తాడు.

అలాంటివాడికి భయమెందుకంటే, అన్న లైల్ వల్ల. లైల్‌కి మొదట తాళాలు కనబడకుండా పోయాయి. తరవాత పొయ్యి ఆర్పడం మరిచాడు. ఆ తరవాత పేర్లు పోయాయి. చివరికి ముసలివాళ్ళ ఆశ్రమంలో చూడటానికి వెళ్ళిన తమ్ముడి చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎవరి అబ్బాయివి బాబూ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. వెర్లిన్ ఆ రోజు కారులో కూర్చుని చాలాసేపు ఇంటికి బయలుదేరలేకపోయాడు.

అనుమానం పెనుభూతం అంటారు. షెడ్డులో వెర్లిన్ దగ్గర ఆ భూతానికి మేత బాగానే ఉంది. శీతాకాలం ముందు పెట్రోలు మూతి దాకా పోసి పెట్టాడు, అది పాడవకుండా మందు కూడా కలిపాడు. ఇప్పుడు చూస్తే బాగా తగ్గి ఉంది. సీటు తన పొడుగు కాళ్ళకు సరిపడా వెనక్కి ఉండాలి, వసంతంలో చూసేసరికి ముందుకు జరిగి ఉంటోంది. తాళంచెవి తీసే పెట్టి ఉంది, కానీ ఎప్పుడో దాన్ని తిప్పి వదిలేసి, మళ్ళీ ఎప్పుడో వచ్చి తీసి, రెండూ మరిచిపోయాడేమో ఎవరికి తెలుసు? ఇవన్నీ తన చేతులతో తనే చేసి, తనకే తెలియకుండా పోతున్నాయి. ఈ సంగతులు భార్య ఆర్డిస్‌కి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

వంటింట్లోకి రాగానే ఆర్డిస్ అతని మొహం చూసి అడిగింది.

"ఏమంది?"

"టిక్కుమంది."

ఆర్డిస్ పుల్లటి రూబార్బ్ కాడలు తరగడం ఆపింది. "టిక్కుమందా? అది చావడానికి వీల్లేదే," అంది, ఎవరో మాట తప్పినట్టు.

వెర్లిన్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. సరిగ్గా చూసుకుని ఉంటే చావదు కదా అన్నట్టు వినబడింది. ఫోన్ దగ్గరికి వెళ్ళి డ్వేన్ బాకెకి చేసి, బ్యాటరీ వరసగా మూడో ఏడు చచ్చిందని చెప్పాడు.

డ్వేన్ సమాధుల తోట కమిటీకి పెద్ద. బడిలో పిల్లలకు మరమ్మతు పనులు నేర్పి రిటైరైనవాడు. వెర్లిన్ తమ ఇంటికి వచ్చి పాలు పోయించుకునే రోజుల్లో డ్వేన్ నిక్కరు వేసుకుని వాను వెనక పరిగెత్తేవాడు, అందుకే ఇప్పటికీ వెర్లిన్‌ని మీరు అనే అంటాడు. మధ్యాహ్నానికల్లా పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చి, సీటు కింద నుంచి బ్యాటరీ పైకి తీసి వెలుతురులో పెట్టాడు. పక్కలు ఉబ్బి ఉన్నాయి.

"పొట్ట చూడండి. లోపల గడ్డకట్టింది. నిండుగా ఛార్జి ఉంటే మన చలికి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిపోతేనే ఇలా అవుతుంది. అంటే చలి చంపలేదు. చలికంటే ముందు ఎవరో దీన్ని పీల్చేశారు."

"ఊఁ," అన్నాడు వెర్లిన్.

"ఈ టెర్మినళ్ళకి తెల్లగా పట్టింది చూశారా? తుడుస్తూ ఉండాలి. ఈ పట్టీ వదులైపోయింది, గుంటల్లో పడ్డప్పుడల్లా బ్యాటరీ ఎగిరి లోపలి రేకులు రాలిపోతాయి. కిందటేడు చచ్చినప్పుడు ఎలా లేపారు?"

"పికప్ నుంచి తీగలు కలిపి."

"ఇంజను నడుస్తుండగానా?"

"మరి ఆర్పితే ఎలా?"

"పసిపిల్లకి మీ వాను ట్యాంకుతో పాలు పట్టినట్టుంది," అన్నాడు డ్వేన్. మళ్ళీ నొచ్చుకుంటాడేమోనని, "అందరూ అలాగే చేస్తారనుకోండి," అని కలిపాడు. "కానీ అసలు దోషం అది కాదు. కొత్త బ్యాటరీ చలికాలంలో నిలబడి ఉండగా ఖాళీ అయ్యింది. ఎలా?"

వెర్లిన్ షెడ్డు తలుపు వైపు నడిచాడు. "కాఫీ తాగుదాం రా," అన్నాడు.

బల్ల మీద, ఆ కాడలు పిండిలో పెట్టి తియ్యగా కాల్చిన రూబార్బ్ పై ఇంకా పొగలు కక్కుతోంది. మా వైపు ఏది పెట్టినా మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితేనే నిజంగా అడిగినట్టు, అప్పుడు కూడా కాదంటే తప్పు. ఆర్డిస్ ముక్క కోసింది, డ్వేన్ వద్దన్నాడు. చిన్న ముక్క అంది, అబ్బే కడుపు నిండుగా ఉందన్నాడు. మిగిలిపోతే పారెయ్యాలి అంది, అయితే సరే అని పెద్ద ముక్కే లాక్కున్నాడు.

అతను రెండు ముద్దలు తినేదాకా ఆగి, వెర్లిన్ జేబులోంచి ట్రాక్టరు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని నువ్వు తీసుకో డ్వేన్. ట్రాక్టరు కూడా మీ షెడ్డుకి తోలించుకుపో. ఇక నా వల్ల కాదు."

"అదేం మాట, మీరు కాక ఇంకెవరు కోస్తారు?" అన్నాడు డ్వేన్ వెంటనే.

"తాళంచెవి నేనే తిప్పి వదిలేస్తున్నట్టున్నాను. లైల్‌కి కూడా ఇలాగే మొదలైంది. రేపు ఎవరి రాయి మీదికో ఎక్కించాక చెప్పేకంటే ఇప్పుడే చెప్పడం మేలు. తీసుకో."

"బ్యాటరీ చస్తే బ్యాటరీ మారుస్తారు గానీ మనిషిని మారుస్తారా?" అన్నాడు డ్వేన్. ఈసారి గొంతులో అంత ఊపు లేదు.

ముగ్గురూ తాళంచెవి వైపే చూస్తున్నారు. ఇంకొక్కసారి వెర్లిన్ తీసుకో అన్నాడంటే డ్వేన్ తీసుకోక తప్పదు. తీసుకోవడమే మర్యాద. అది ముగ్గురికీ తెలుసు. వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు.

"చలికాలంలో అప్పుడప్పుడూ స్టార్ట్ చేస్తే దానికి మంచిదే కదా?" అంది ఆర్డిస్, కాఫీ కూజా పట్టుకుని.

"దేనికి?" అన్నాడు డ్వేన్.

"దానికే. ట్రాక్టరుకి. మా నాన్న తన లారీని మంచులో అలాగే చేసేవాడు. కదపకుండా వదిలేస్తే పని మర్చిపోతుందనేవాడు."

"మీరు ఎంతసేపు నడిపేవారు?"

"రెండు పాటలు పాడుకునేంతసేపు. చర్చిలో పాటలు. ఆదివారం ఆదివారం."

డ్వేన్ ఫోర్కు కింద పెట్టాడు. "లైటు వేసేవారా?"

"షెడ్డులో చీకటి కదా."

"ఇంజను వేగం ఎక్కడ పెట్టేవారు? కుందేలు బొమ్మ దగ్గరా, తాబేలు బొమ్మ దగ్గరా?"

"తాబేలు దగ్గర. ఎక్కువ చప్పుడైతే బయటికి వినబడుతుంది."

డ్వేన్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఆర్డిస్ గారూ, బ్యాటరీని చంపి తీరాలని కంకణం కట్టుకున్నవాడు కూడా ఇంత పకడ్బందీగా చంపలేడు. ఆ చలిలో ఇంజను లేవాలంటే బ్యాటరీ ఒక్క గుక్కలో బోలెడు పోగొట్టుకుంటుంది. అది మళ్ళీ నిండాలంటే బాగా వేగంగా, బాగా సేపు నడవాలి. ఈ చిన్న ఇంజన్లు ఛార్జి పెట్టేది చెంచాతో పోసినట్టే. తాబేలు నడకలో ఆ చెంచా కూడా సగమే, ఆ సగమూ లైటు తాగేస్తుంది. ప్రతి ఆదివారం కొంచెం కొంచెం ఖాళీ చేశారు. క్రిస్మస్ దాటాక ఎప్పుడో అది గడ్డకట్టి ఉంటుంది."

"ఫిబ్రవరిలో ఇక లేవడం మానేసేది," అంది ఆర్డిస్ చిన్నగా. "చలికి బద్ధకించింది, ఎండ వస్తే అదే లేస్తుందనుకున్నాను."

వెర్లిన్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. మొహం ఎర్రబడింది.

"చాలించు. నా కోసం అబద్ధాలు ఆడకు. ఈస్టరు నాడు నా మేనకోడలి పేరు నోటికి రాకపోతే, ఆయనకి చెవి పోటు అని అందరికీ చెప్పావు. ఊరుకున్నాను. ఇప్పుడు డ్వేన్ ముందు ఇదొకటి. నువ్వు ఆ ట్రాక్టరు ఎక్కగా ఈ ఇంట్లో ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. నువ్వు పడుకున్నాకే వెళ్ళేదాన్ని. చెవి మిషన్లు తీసి పడుకుంటావు, పిడుగు పడ్డా లేవవు."

"మంచులో అడుగులు?"

"పిట్టలకి గింజలు వెయ్యడానికి రోజూ అటే వెళ్తాను కదా."

"అబద్ధం."

"నా కాళ్ళు బ్రేకుకి అందవు వెర్లిన్. సీటు ముందుకు లాక్కునేదాన్ని. దిగేటప్పుడు వెనక్కి జరపాలనే అనుకుంటాను, వేళ్ళు కొంకర్లు పోయి ఆ సంగతే మర్చిపోతాను."

వెర్లిన్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. సీటు సంగతి అతను ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

"పెట్రోలు?" అన్నాడు.

"అది లేకుండా ఎలా నడుస్తుంది?"

వెర్లిన్‌కి నవ్వు వచ్చింది. తరవాత కళ్ళు తడిశాయి. మగవాళ్ళు వంటింట్లో ఏడిస్తే ఎటు చూడాలో మా వైపు ఎవరికీ నేర్పలేదు, డ్వేన్ తన పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. మూడేళ్ళుగా ఆ సీటూ ఆ పెట్రోలూ ఆ తాళమూ వెర్లిన్ గుండె మీద ఎక్కి కూర్చున్నాయి. ఒక్కసారిగా దిగేసరికి ఊపిరి తీయడం కూడా కొత్తగా ఉంది.

"మరి ఈస్టరు నాడు పేరు?" అని అడిగాడు.

"అది నువ్వే మర్చిపోయావు," అంది ఆర్డిస్.

"పొయ్యి మీద మాడిపోయిన కెటిల్?"

"అదీ నువ్వే. కిందటివారం నేనూ మాడ్చాను, నీకు కనబడకుండా తోమేశాను."

డ్వేన్ తాళంచెవిని వేలితో అటు నెట్టాడు. "ఇది మీది, తీసుకోండి." వెర్లిన్ మొదటిసారికే తీసేసుకుని జేబులో వేసుకున్నాడు. మా వైపు అది పెద్ద అమర్యాద. డ్వేన్ ఏమీ అనుకోలేదు.

వెళ్ళేముందు పంతులు బుద్ధి పోక ఇద్దరికీ కలిపి పాఠం చెప్పాడు. చివరి గడ్డి కోత అయ్యాక బ్యాటరీని బయటికి తియ్యాలి. టెర్మినళ్ళు శుభ్రంగా తుడవాలి. నిండా ఛార్జి పెట్టి నేలమాళిగలో ఉంచాలి, దానికదే ఆగే చిన్న ఛార్జరు తగిలిస్తే వసంతం దాకా దాని జోలికి పోనక్కర్లేదు. పెద్ద ఛార్జరు పెట్టి మర్చిపోతే అదీ చంపుతుంది. పట్టీ బిగించాలి. "చలికాలంలో ఎవరూ స్టార్ట్ చెయ్యకూడదు," అని ఆర్డిస్ వైపు చూశాడు. బల్ల దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, పికప్ కిటికీలోంచి మరోసారి సెలవు తీసుకుని, మిగిలిన రూబార్బ్ పై అంతా పట్టుకుని వెళ్ళాడు.

అతని బండి మలుపు తిరిగాక వెర్లిన్ అడిగాడు.

"ఎందుకు చేశావు? ట్రాక్టరు మీద అంత ప్రేమ నీకెప్పుడూ లేదే."

ఆర్డిస్ సింకు దగ్గర పళ్ళెం కడుగుతూ వెనక్కి తిరగలేదు.

"నీకు తుంటి విరిగిన ఏడు నిన్ను లా క్రాస్ ఆస్పత్రిలో ఉంచేశారు గుర్తుందా? జనవరి నెల. ఇంట్లో గడియారం చప్పుడు కూడా లేదు, కీ ఇచ్చేవాడివి నువ్వే కదా. ఒకరోజు భరించలేక షెడ్డులోకి వెళ్ళి దాన్ని స్టార్ట్ చేసి కూర్చున్నాను. వేసవంతా నేను ఇక్కడ వంట చేస్తుంటే ఆ చప్పుడు అక్కడ తిరుగుతూ ఉంటుంది. అది వినబడుతుంటే నువ్వు బాగున్నావని అర్థం. కిటికీలోంచి చూడనక్కర్లేదు. అది ఆగిందనుకో, నా ప్రాణం గొంతులోకి వస్తుంది."

"నేను ఇంటికి వచ్చేశాను కదా. తరవాత కూడా ఎందుకు?"

"వచ్చావు. ఆదివారం మధ్యాహ్నం ఆ చెవుల్లోవి తీసి అలా పడుకుంటావు. కదలవు, పలకవు. దగ్గరికి వచ్చి ఛాతీ ఆడుతోందో లేదో చూస్తాను. చూసి కూడా మనసు నిలవదు. అప్పుడు వెళ్తాను."

వెర్లిన్ లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడి తువ్వాలు అందుకున్నాడు. పళ్ళెం తుడిచాడు. అది తుడిచేశాక ఇంకొకటి కూడా తుడిచాడు.

"నిన్ను కూడా మర్చిపోతానేమోనని భయపడ్డాను ఆర్డిస్," అన్నాడు.

"తెలుసు," అంది. "రాత్రిళ్ళు నీకు నిద్ర పట్టడం లేదని తెలుసు. ఎందుకో మాత్రం అడగలేదు. అడిగితే చెప్తావని భయమేసింది."

శనివారం పొద్దున కొత్త బ్యాటరీతో ట్రాక్టరు తాళం తిప్పీ తిప్పకముందే లేచింది. వెర్లిన్ రోడ్డు దాటి తోటలోకి పోయి, కుందేలు బొమ్మ దగ్గర పెట్టి, నూట్సన్‌ల దగ్గర మొదలుపెట్టాడు. సోల్‌బర్గ్‌ల దగ్గర మలుపు తిరిగాడు. ఎంగెన్ వాళ్ళ తరవాత వచ్చే ఇల్లు ఎవరిదో ఒక్క క్షణం తోచలేదు. ఎర్ర కొట్టం గుర్తొచ్చింది, ఇంటావిడ ఇచ్చే బిస్కెట్లు గుర్తొచ్చాయి, పేరు రాలేదు. పోయిన వారమైతే చెమటలు పట్టి ఉండేవి. ఇప్పుడు అటు తోలి రాయి మీద చదివాడు. హోల్టే. పేర్లు చెక్కి పెట్టేది అందుకే కదా అనుకుని ముందుకు పోయాడు.

హోల్టే వాళ్ళ రాయి చుట్టూ ట్రాక్టరు పట్టదు, చేతి కత్తెరతో కత్తిరించాలి. ఎప్పటిలాగే ఇంజను ఆర్పి దిగాడు. ఇన్నేళ్ళూ ఇలాగే రోజుకు పదిసార్లు ఆర్పి, తీరిగ్గా మోకాళ్ళ మీద వంగి, పక్క సమాధివాళ్ళతో నాలుగు మాటలు కూడా మాట్లాడి లేచేవాడు. ఇవాళ కత్తెర తీయబోతూ ఆగి, రోడ్డు అవతలకి చూశాడు. వంటింటి కిటికీ దగ్గర తెర పక్కకి తొలిగింది. చేతికి పిండి అంటుకున్న ఆర్డిస్ అద్దానికి దగ్గరగా వచ్చి నిలబడింది.

వెర్లిన్ టోపీ తీసి గాలిలో ఊపాడు. ఆమె చూసేదాకా, చూసి చెయ్యెత్తేదాకా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు వంగి గడ్డి కత్తిరించాడు.